నా బోల్టుల జోలికి రావద్దు

మా ఊళ్ళో నాకు కీడు తలపెట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. నా బండిని పాడు చేసినవాళ్ళంతా నా మంచి కోరినవాళ్ళే. అందుకే ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

పసితనంలో పోలియో వచ్చి నా కుడికాలు చచ్చుబడింది. తొడ నుంచి మడమ దాకా ఇనప కడ్డీలూ తోలు పట్టీలూ ఉన్న కాలిపరు కట్టుకుంటేనే నిలబడగలను, చేతికర్ర ఉంటేనే నడవగలను. అయినా టీచర్ ట్రైనింగు చేశాను. అద్దంకి దగ్గర ఒక పల్లెలో చిన్నబడిలో ఉద్యోగం తెచ్చుకున్నాను. మా ఊరికీ ఆ ఊరికీ మధ్య బస్సు లేదు. నల్లరేగడిలో బండిదారి, అటూ ఇటూ పత్తి, మిరప చేలు, మధ్యలో ఒక వాగు. అంతే.

మొదట్లో మా అన్నయ్య సైకిలు వెనక క్యారేజీ మీద కూర్చుని బడికి వెళ్ళేదాన్ని. అన్నయ్య పత్తి మిల్లులో పనిచేసేవాడు. మిల్లు షిఫ్టు ఎప్పుడైతే నా బడి అప్పుడు. పొద్దున్నే దింపేసి వెళ్ళిపోతే తాళం వేసిన బడి అరుగు మీద కూర్చునేదాన్ని. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయి, గొడ్లు కూడా ఇళ్ళకు చేరాక, అదే అరుగు మీద అన్నయ్య కోసం ఎదురుచూసేదాన్ని. ఎంత ఎండలోనైనా నీళ్ళు తాగేదాన్ని కాదు. తాగితే మళ్ళీ ఎక్కడికి వెళ్ళాలి, ఎవరు తీసుకెళ్ళాలి? ఆడవాళ్ళకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

దారిలో ఎదురైనవాళ్ళు అన్నయ్యనే పలకరించేవాళ్ళు. "చెల్లెల్ని దింపొస్తున్నావా? నీకు పుణ్యం రా" అనేవాళ్ళు. వెనక మూటలా కూర్చున్న నాకు ఆ పుణ్యం ప్రతిరోజూ వినపడేది. అన్నయ్య బంగారంలాంటి మనిషి, కాదనను. కానీ ఒకరి పుణ్యానికి రోజూ సరుకు కావడం ఎంత కష్టమో, అలా అయినవాళ్ళకే తెలుస్తుంది.

అవి మోపెడ్లు పల్లెల్లోకి కూడా వస్తున్న రోజులు. నా జీతంతో ఒక పాత మోపెడ్ తీసుకున్నాం. కాగితాలు మాత్రం అన్నయ్య పేరు మీదే. ఆడపిల్ల పేరు మీద బండేమిటన్నారు, సరే అన్నాను. అద్దంకిలో లేతు షాపు సాయిబు గారు దానికి రెండు పక్కలా చిన్న చక్రాలు అమర్చి పెట్టారు. బండి ఫ్రేముకి అటొకటి ఇటొకటి మందపాటి ఇనప పలకలు అతికించి, ఒక్కో పలకలో రెండేసి రంధ్రాలు తొలిచి, వాటి లోపల బోల్టు పట్టేలా మరలు కోశారు. పక్కచక్రాన్ని మోసే కడ్డీ ఆ పలకకి ఆనుతుంది, బోల్టులు దాన్ని పట్టుకుంటాయి. పలక వెనకాల జాగా లేదు కాబట్టి బోల్టుకి అవతల నట్టు లేదు. భారమంతా ఆ రంధ్రంలోని మరలదే.

నేను మొదటిసారి ఒక్కదాన్నే వాగు దాటిన రోజు అవతలి గట్టు మీద బండి ఆపాను. సీసా మూత తీసి నీళ్ళన్నీ గటగటా తాగేశాను. ఆ నీళ్ళంత రుచి నాకు మళ్ళీ తగల్లేదు.

రేగడి దారి ఎండితే రాయి. బండిచక్రాల గాడులు గట్టిపడి, నా పక్కచక్రాలను ఎగరేసి కొట్టేవి. ఆ అదురుకి మరలు కొద్దికొద్దిగా అరిగాయి. పత్తితీతల కాలంలో ఒకరోజు ఎడమ చక్రం ఊడి, చేలోకి దొర్లుకుంటూ పోయింది. నేనూ బండీ ఇటు పడ్డాం. పత్తి తీస్తున్న ఆడవాళ్ళు ఒడినిండా పత్తితోనే పరుగెత్తుకొచ్చారు. "ఓరి నాయనో, టీచరమ్మ పడిపోయింది!" అన్న కేక మా ఊరి దాకా వినపడి ఉంటుంది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు. చెప్తే వింటేగా! నలుగురు పట్టుకుని ఎత్తేశారు. దించండే, నేను లేస్తాను అని అరుస్తూనే ఉన్నాను.

అన్నయ్య మిల్లు నుంచి వచ్చి నా మోచెయ్యి చూశాడు. అన్నం తిన్నాక అన్నాడు. "ఈసారికి బాగు చేయించుకో. మళ్ళీ చక్రం ఊడిందంటే మాత్రం బండి అమ్మేస్తా. నా సైకిలు ఎక్కడికీ పోలేదు."

"ఊడితే కదా" అన్నాను.

"ఊడితేనే చెప్తున్నా."

అదీ మా మధ్య ఒప్పందం. చక్రం ఊడకపోతే బండి నాది. ఊడితే మళ్ళీ క్యారేజీ, మళ్ళీ బడి అరుగు, మళ్ళీ నీళ్ళు తాగకపోవడం. వాళ్ళందరికీ అది బండి. నాకు మాత్రం అది నా కాలు.

సాయిబు గారు అరిగిన రంధ్రాలను కాస్త పెద్దవి చేసి, కొత్తగా మరలు కోసి, లావుపాటి బోల్టులు బిగించారు. పని బాగానే చేశారు. అయితే మా ఇద్దరికీ తట్టని సంగతి ఒకటుంది. పాత బోల్టుకి పదమూడో నంబరు పానా పట్టేది. అది ఊళ్ళో నా దగ్గర తప్ప లేదు. కొత్త బోల్టుకి పట్టేది పదిహేడో నంబరు. అదేమో ప్రతి ట్రాక్టరు టూలు పెట్టెలోనూ ఉంటుంది, ప్రతి మిల్లు పనివాడి జేబులోనూ ఉంటుంది. ఊరి మగవాళ్ళ చేతుల్లో ఉన్న పానా సరిగ్గా నా బోల్టుకి సరిపోయింది.

కొత్త బోల్టులు వేసి మిరప పంట చేతికి రాకముందే వాటిలో ఒకటి ఉత్తిగా తిరగడం మొదలుపెట్టింది. బిగిస్తే బిగియదు, తిప్పితే తిరుగుతూనే ఉంటుంది. లోపల మరలు చితికిపోయాయన్నమాట. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎందుకంటే మరల సంగతి నాకు తెలుసు. నా కాలిపరుకి ఉన్న మరలు ఎనిమిదో ఏట నుంచి నేనే బిగించుకుంటున్నాను. వేరేవాళ్ళు బిగిస్తే ప్రేమకొద్దీ ఇంకాస్త తిప్పుతారు, ఆ ఇంకాస్తకి నా తోలు ఊడొచ్చేది. ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. ఈ బోల్టు మరలు వదులై పోలేదు, ఎవరో మితిమీరి బిగిస్తే పోయాయి. మరి నేను బిగించలేదే!

బడిలో పిల్లల పలకలకి తప్ప పుస్తకాలన్నింటికీ నా ఎర్రసిరానే కదా. ఆ సిరా తీసుకుని ప్రతి బోల్టు తల మీద నుంచి కింది ఇనుము దాకా సన్నగా ఒక గీత గీశాను. బోల్టు కదిలితే గీత విరిగిపోతుంది. ఇంటి దగ్గర గీసి బయల్దేరాను. బడి వదిలాక చూస్తే కుడివైపు గీతలు రెండూ విరిగి ఉన్నాయి.

మర్నాడు పాఠం చెప్తూ కిటికీలోంచి ఒక కన్ను బయటే వేసి ఉంచాను. మధ్యాహ్నం ట్రాక్టరొకటి వచ్చి ఆగింది. దాని డ్రైవరు మా ఊరివాడే, వరసకి బాబాయి. దిగాడు. అటూ ఇటూ చూశాడు. పదిహేడో నంబరు పానా తీసి, దాని పిడికి గొట్టం తొడిగి, నా బోల్టు మీద పెట్టి, కాలు కూడా ఆనించి "హుప్" అని లాగాడు. చేతిలో చాక్‌పీసు ఉండగానే బయటికొచ్చాను.

"బాబాయ్! ఏం చేస్తున్నావు?"

దొరికిపోయానన్న సిగ్గు కూడా లేదు ఆయనకి. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. "ఏం లేదమ్మాయ్. ఇటు వచ్చినప్పుడల్లా ఒక పట్టు పట్టి పోతున్నా. నువ్వు మళ్ళీ పడితే మా కళ్ళతో చూళ్ళేం."

"ఇటు వచ్చినప్పుడల్లానా?"

"అయ్యో, నేనొక్కణ్ణేనా? వాగు కాడ టీకొట్టాయన కూడా చూస్తానే ఉంటాడు. నీకేం పర్లేదు, మేమంతా లేమూ!"

లేకపోతే ఎంత బాగుండేది! ఆ మాట నోటిదాకా వచ్చింది. పిల్లలు కిటికీ పట్టుకుని చూస్తున్నారని మింగేశాను. టీకొట్టు దగ్గర ఆపి అడిగితే ఆయనా అంతే గర్వంగా ఒప్పుకున్నాడు. నేను టీ తాగే లోపల ఆయన నా బోల్టులు బిగిస్తున్నాడట. అడిగి బిగించొచ్చు కదా అన్నాను. "దానికి అడగడమెందుకమ్మా, సాయమే కదా" అన్నాడు.

వాళ్ళిద్దరికీ చెప్పేశాను కదా, ఇక ఎవరూ ముట్టుకోరనుకున్నాను. రాత్రి గీతలు మళ్ళీ గీసుకుని పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే నాలుగు గీతలూ విరిగి ఉన్నాయి. బండి మా ఇంటి చూరు కిందే ఉంది.

మర్నాడు కోడి కూయగానే లేచి తలుపు సందులోంచి చూశాను. అన్నయ్య. మిల్లుకి వెళ్ళే బట్టలేసుకుని, నా బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో బోల్టూ బిగిస్తున్నాడు. బిగిస్తూ "తండ్రీ, కాపాడు తండ్రీ" అని గొణుక్కుంటున్నాడు. ఒక క్షణం నాకు ఏడుపొచ్చింది. ఆ మరుక్షణం కోపమొచ్చింది. కోపమే గెలిచింది.

"అన్నయ్యా, ఆపు!"

ఉలిక్కిపడ్డాడు. "నువ్వు పడితే నేను తట్టుకోలేనే" అన్నాడు.

"నీ భయానికి నా మరలు పోతున్నాయి. చూడు." ఉత్తిగా తిరిగే బోల్టుని వేలితో తిప్పి చూపించాను. అప్పటికి రెండోది కూడా అదే దారి పట్టింది.

అన్నయ్య మొహం పాలిపోయింది. కానీ మాట మాత్రం మార్చలేదు. "అయితే ఇంకేముంది, ఇవాళో రేపో ఊడుతుంది. అమ్మేద్దాం."

"ఊడితే అమ్ముతానన్నావు. ఊడలేదు" అన్నాను. ఆ రోజు బడికి సెలవు పెట్టి, నడిచే మనిషి కూడా దాటిపోయేంత నెమ్మదిగా అద్దంకి వెళ్ళాను.

సాయిబు గారు పలకలు చూసి నాలుక చప్పరించారు. "ఇంకా పెద్ద బోల్టు వేద్దామంటే పలకలో ఇనుము లేదమ్మా. వెల్డింగు పెట్టేస్తా. కడ్డీని ఫ్రేముకి అతికించేస్తే జన్మలో ఊడదు."

"పంక్చరైతే?"

కడ్డీ విప్పితే గాని వెనక చక్రం బయటికి రాదు. మా దారినిండా తుమ్మముళ్ళే. అతికించేస్తే ప్రతి ముల్లుకీ బండిని అద్దంకి మోయించుకురావాలి, కోయించాలి, మళ్ళీ అతికించాలి. ఫ్రేము ఎన్నిసార్లు కాలితే మాత్రం తట్టుకుంటుంది?

"మీ అన్నయ్యని ఒకసారి తీసుకురామ్మా. మాట్లాడి చేద్దాం" అన్నారు చివరికి. మర్యాదగానే అన్నారు.

"బండి నడిపేది నేను. మాట్లాడేదేదో నాతో మాట్లాడండి" అన్నాను.

షాపులో ఇంకో ఇద్దరు మగవాళ్ళు తమ పనుల కోసం నిలబడి ఉన్నారు. నాకు అప్పుడు ఎక్కడ లేని మొండితనం వచ్చింది. స్టూలు మీద కూర్చుని, రెండు చేతులతో నా కుడికాలు ఎత్తి, కాలిపరుతో సహా ఆయన పనిబల్ల మీద పెట్టాను. చీర అంచు మోకాలి దాకా జరిపాను. ఆ ఇద్దరూ గోడ వైపు తిరిగిపోయారు. తిరిగితే తిరగనీ.

"ఇక్కడ చూడండి సాయిబు గారూ. ఈ మోకాలి బందు దగ్గర కూడా రంధ్రం అరిగిపోయింది. ఆసుపత్రివాళ్ళు ఇనుము పారెయ్యలేదు. రంధ్రం పెద్దది చేసి అందులో ఇత్తడి బుష్, ఈ చిన్న గొట్టం, దించారు. బుష్‌కి లోపల మరలున్నాయి. వెనకవైపు చూడండి, టోపీకి ఉన్నట్టు అంచుంది. ఎంత లాగినా అంచు అడ్డుపడుతుంది, ముందుకి రాదు. దీని మీద నేను రోజంతా నిలబడి పాఠం చెప్తున్నా."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. వేలితో ఆ అంచు తడిమారు. చాలాసేపు చూశారు. అప్పుడు ఆయనకి నా కాలు కనపడటం లేదు, ఆ బుష్ ఒక్కటే కనపడుతోంది. నాకు అది ఎంత హాయిగా అనిపించిందో!

"అంచు పల్చగా ఉంటే మీ పలక వెనక జాగా సరిపోద్ది" అన్నారు. "ఇత్తడి వద్దు, ఉక్కులో తీస్తా."

లేతు మీద నాలుగు బుష్‌లు తీశారు. పలకలు ఫ్రేము నుంచి ఊడదీసి, నాలుగు రంధ్రాల్లోనూ మరలు పోయేంత మేరకే గీకి, వెనకవైపు నుంచి బుష్‌లు దించి, సుత్తితో కొట్టి గట్టిగా కూర్చోబెట్టి, పలకలు మళ్ళీ అతికించారు. లోపల మరలు మాత్రం నేను అడిగినట్టు పాత సైజుకే కోశారు. పదమూడో నంబరు. బోల్టులు నేనే బిగిస్తానన్నాను. నేల మీద కూర్చుని, పొట్టిపానాతో బిగించి, చెయ్యి ఆపమన్న చోట ఆపాను. పైన ఎర్రసిరాతో గీతలు గీశాను.

బోల్టులు బాగయ్యాయి సరే, ఊరి చేతులు ఎలా బాగుపడాలి? పదమూడో నంబరు పానా కొనుక్కోవడం ఎంతసేపు? ఆ ఆదివారం చర్చికి వెళ్ళాను. మా పల్లె చర్చిలో పాస్టరు గారు వాక్యం చెప్పే ముందు సాక్ష్యాలు చెప్పుకునే అలవాటు. జ్వరం తగ్గినవాళ్ళూ, గేదె దొరికినవాళ్ళూ లేచి దేవుడికి స్తోత్రం చెప్పేవాళ్ళు. "సాక్ష్యం ఉన్నవాళ్ళు ఎవరైనా?" అని పాస్టరు గారు అడగ్గానే కర్ర పట్టుకుని లేచాను. మగవాళ్ళ చాపల మీద ట్రాక్టరు బాబాయీ టీకొట్టాయనా అన్నయ్యా ఒకే వరసలో ఉన్నారు.

"ప్రభువు నాకు బండి ఇచ్చాడు, స్తోత్రం" అన్నాను. అందరూ స్తోత్రమన్నారు. "ఆ బండికి నాలుగు బోల్టులిచ్చాడు, స్తోత్రం." కొంతమంది అన్నారు, కొంతమంది ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "నాకు కాలొకటి పోయింది గాని చేతులు రెండూ ఉంచాడు. అవి బిగించుకోవడానికి ఆ చేతులు చాలు. కాబట్టి ఇక్కడున్న అన్నలకీ బాబాయిలకీ ఒకటే మనవి. నా బోల్టుల జోలికి రావద్దు. చెయ్యి దురదగా ఉంటే మీ ట్రాక్టర్లు బిగించుకోండి. నేను పడిపోతే వచ్చి లేపండి. అది కూడా, లేపమంటావా అని అడిగి లేపండి."

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక ముసలమ్మ గట్టిగా "ఆమేన్" అంది. పాస్టరు గారు గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నారు.

బయటికి రాగానే బాబాయి పట్టుకున్నాడు. "మేమేదో నీ మేలు కోరి చేస్తే, చర్చిలో నిలబెట్టి కడిగేస్తావా అమ్మాయ్?"

"నాకు చెప్పకుండా చేశావు కదా బాబాయ్, అందుకే అందరిలో చెప్పాల్సొచ్చింది."

ఇంటికొచ్చాక అన్నయ్య గుమ్మంలో ఆగి, "నన్ను కూడా కలిపే అన్నావు కదూ?" అన్నాడు.

"అవును."

"సరే. రేపు వాగు దగ్గర ఉంటా. చక్రం ఊడిందో, అక్కడి నుంచి అక్కడే అమ్మేస్తా. అప్పుడు దేవుడికి చెప్పుకుంటావో ఊరికి చెప్పుకుంటావో నీ ఇష్టం."

ఆ సాయంత్రమే కాని కాలంలో వాన పడింది. కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఊరంతా పట్టాలు కప్పడానికి ఉరుకులు పరుగులు. తెల్లారేసరికి వాగు దగ్గర దారంతా అడుసు. తడిసిన కాయలు మోసే ట్రాక్టర్లు దిగి ఎక్కి, గట్టుని లోతుగా కోసేశాయి. నేను వెళ్ళేసరికి అన్నయ్య అక్కడున్నాడు. బాబాయి ట్రాక్టరు పక్కకు తీసి నిలబడ్డాడు. కూలికి వెళ్తున్న ఆడవాళ్ళు కూడా ఆగారు. ఊరు ఊరంతా నా నాలుగు బోల్టుల కోసమే వచ్చినట్టుంది.

వాగులో దిగాను. నీళ్ళు పర్లేదు, దాటేశాను. అవతలి గట్టు ఎక్కుతుండగా ఎడమ పక్కచక్రం ట్రాక్టరు గాడిలోకి దిగబడింది. బండి ఒక పక్కకి ఒరిగింది. నా బరువూ బండి బరువూ అటే పడ్డాయి. కొత్త బుష్‌ల మీద, ఆ రెండు బోల్టుల మీద. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. బాబాయి ఒక అడుగు ముందుకేసి, ఎవరో లాగినట్టు ఆగిపోయాడు.

అన్నయ్య అడుసులోకి దిగి, నాకు చేయి అందేంత దూరంలో నిలబడ్డాడు. చెయ్యి మాత్రం చాపలేదు.

"పట్టమంటావా?" అన్నాడు.

నాకు బుద్ధి తెలిశాక అన్నయ్య నన్ను అడగడం అదే మొదలు. ఎన్నోసార్లు ఎత్తుకున్నాడు, దింపాడు, మోశాడు, కూర్చోబెట్టాడు. ఒక్కసారీ అడగలేదు. అయినా చెప్పాను.

"వద్దు."

ఒంటిని కుడివైపుకి వాల్చి, ఎడమకాలు నేలకి తన్నిపెట్టి, హ్యాండిలు పిడి పూర్తిగా తిప్పాను. చక్రం అడుసు చిమ్మింది. అన్నయ్య చొక్కానిండా పడింది. కదల్లేదాయన. బండి గింజుకుంది, గింజుకుంది, ఒక్కసారిగా గట్టెక్కింది.

పైన ఆపి దిగాను. కర్ర పక్కన పెట్టి వంగి, ఎడమ వైపు బోల్టుల మీద అడుసు బొటనవేలితో తుడిచాను. ఎర్రగీతలు రెండూ తిన్నగా ఉన్నాయి. అన్నయ్య కూడా వచ్చి వంగి చూశాడు. ఎక్కడ తగులుతాయోనని చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"కదల్లేదే" అన్నాడు.

"కదలవు" అన్నాను.

సీసా తీసి నీళ్ళు తాగాను. తనకీ ఇచ్చాను, తాగాడు. తర్వాత సైకిలు మిల్లు వైపు తిప్పుకుంటూ ఒక క్షణం ఆగి, చొక్కా మీది అడుసు దులుపుకుంటూ అడిగాడు.

"సాయంత్రం రమ్మంటావా?"

"రావద్దన్నయ్యా, నేనే వస్తా" అని బండి తీశాను.